లచ్చమ్మ చెయ్యి తగిలిన లాప్‌టాప్

లచ్చమ్మ చెయ్యి తగిలితే కంప్యూటర్ ఆగిపోతుందని నాలుగో అంతస్తులో ఒక మాట పుట్టింది. పుట్టిన మాట అక్కడే ఉండలేదు. లిఫ్టెక్కి ఆరో అంతస్తుకు పోయింది, మెట్లు దిగి పార్కింగ్‌లో డ్రైవర్ల దాకా పోయింది. ఆమె ఒంట్లో కరెంటు ఉందని ఒకరన్నారు. చిన్నప్పుడు పిడుగు పడితే బతికి బయటపడిందట అని ఇంకొకరు కలిపారు. ఆరో అంతస్తులో ఒకతను ఆమె టీ కప్పు పెట్టి వెళ్ళేదాకా తన ఫోన్‌ను జేబులో దాచుకున్నాడు. నవ్వుతూనే దాచుకున్నాడు, కానీ దాచుకున్నాడు.

లచ్చమ్మది నారాయణపేట వైపు ఊరు. నలభై రెండేళ్ళుంటాయి. నానక్‌రామ్‌గూడలో అద్దాల మేడల వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటుంది. ఆ మేడల్లోనే ఒకదాంట్లో నాలుగో అంతస్తు ఊడ్చి తుడిచే పని, ఆరో అంతస్తుకు టీ అందించే పని. ఆమె భర్త కొమురయ్య సెంట్రింగ్ పని చేసేవాడు. కిందటేడు మూడో స్లాబు మీంచి పడ్డాడు, నడుము పోయింది. మాట బాగానే ఉంది, చేతులు ఆడతాయి, కానీ తనంతట తాను పక్కకు తిరగలేడు. ఒకే వైపు పడుకోబెడితే పుండ్లు పడతాయని దవాఖానలో చెప్పారు. అందుకని పొద్దున కుడివైపు తిప్పి పనికొస్తుంది. ఒంటిగంటకు ఇంటికి ఉరికి, అన్నం తినిపించి, ఎడమవైపు తిప్పి మళ్ళీ వస్తుంది. ఆఫీసు నుంచి గదికి ఏడు నిమిషాలు. ఆమె బతుకంతా ఆ ఏడు నిమిషాల మీదే నడుస్తోంది.

ఆ అంతస్తులో ముందు టేబుల్ అశ్వినిది. బోరబండ నుంచి వచ్చే పిల్ల, నోరు చురుకు, చెయ్యి చురుకు. వచ్చినవాళ్ళ పేరు లాప్‌టాప్‌లో కొట్టి పాసు తీసిస్తే తప్ప ఎవరూ లోపలికి పోలేరు. ఆ లాప్‌టాప్‌కు ఎనిమిదేళ్ళు. మూత ఒక పక్క విరిగితే టేపు వేశారు. ‘ఎ’ అక్షరం అరిగిపోయి ఖాళీగా ఉంటుంది. అయినా పని చేసేది. దసరా దాటాక దానికి ఏదో పట్టుకుంది. ఉన్నట్టుండి తెర నల్లబడేది. లేపితే సగం లేచి బిగుసుకుపోయేది. అశ్విని బటన్ నొక్కి పట్టుకుని చంపి, మళ్ళీ మొదటి నుంచి పుట్టించేది. అది తెరుచుకునేలోపు లిఫ్టు దాకా వరుస కట్టేవాళ్ళు.

కంప్యూటర్లు చూసే రవికిరణ్ తణుకు అబ్బాయి, నెమ్మదస్తుడు. మొదట లాప్‌టాప్‌ను తలకిందులు చేసి దులిపాడు. అక్షరాల సందుల్లోంచి దసరా పూజనాటి అక్షింతలు పదో పదిహేనో రాలాయి, పసుపు రాలింది. రోగం ఇదేనని అందరూ సంబరపడ్డారు. మర్నాడు మళ్ళీ ఆగింది. ఛార్జర్ మూతి వదులైందని అట్టముక్క దోపి బిగించాడు. వేడెక్కుతోందేమోనని కింద నాలుగు సీసా మూతలు పెట్టి ఎత్తులో నిలబెట్టాడు. ఉన్నదంతా తుడిచేసి కొత్తగా ఎక్కించాడు. మరో ఆదివారం వచ్చి విప్పి ఫ్యాను కూడా శుభ్రం చేశాడు. అది ఆగాలనుకున్నప్పుడు ఆగుతూనే ఉంది. కొత్తది అడిగితే ఏప్రిల్ దాకా కుదరదని పైనుంచి జవాబు వచ్చింది. ఇక చేసేదేమీ లేక ఎవరో నిమ్మకాయ తెచ్చి దానికి దిష్టి కూడా తీశారు.

ఎప్పుడెప్పుడు ఆగుతోందో రాసిపెట్టమని రవికిరణ్ అశ్వినికి ఒక కాగితం ఇచ్చాడు. అక్కడే లచ్చమ్మకు చిక్కొచ్చింది. నాలుగు రోజుల కాగితం చూసేసరికి పొద్దున పదింబావు, సాయంత్రం నాలుగు, మళ్ళీ పదింబావు, మళ్ళీ నాలుగు. ఆ రెండు వేళల్లోనే లచ్చమ్మ ముందు టేబుల్ తుడిచేది.

అశ్విని చెడ్డది కాదు. కానీ ఆనాటి నుంచి లచ్చమ్మ గుడ్డ పట్టుకుని రావడం చూస్తే చాలు, రెండు చేతులూ అడ్డం పెట్టేది. “అక్కా, జర దూరముండు. నువ్వొస్తే ఇది పోతది,” అనేది. లచ్చమ్మ దూరం నిలబడేది. దుమ్ము పేరుకుంటే మేనేజరు కోప్పడేవాడు. తుడిస్తే లాప్‌టాప్ ఆగేది. తన చేతులను తానే తిప్పి చూసుకునేది. ఇంటికి పోయి స్విచ్చి వేసేటప్పుడు కూడా ఒక క్షణం ఆగేది. కొమురయ్యను పక్కకు తిప్పేటప్పుడు, తన చేతుల వల్లే ఆయనకేమైనా అవుతోందా అన్న ఆలోచన ఒకసారి వచ్చింది. ఆ ఆలోచన వచ్చినందుకు తనను తాను తిట్టుకుంది.

బుధవారం, పనివాళ్ళను పంపే ఏజెన్సీ సూపర్‌వైజర్ కళ్యాణి వచ్చి ఆమెను వంటగదిలోకి పిలిచింది. చాలాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, చివరికి చెప్పింది.

“సోమవారం నుంచి నువ్వు బాలానగర్ ఫ్యాక్టరీకి పోవాలె అక్కా. ఈడికి ఇంకొకామెను పంపుతున్నరు.”

“బాలానగర్ కెల్లి ఒంటిగంటకు నేనెట్లొస్త మేడం? ఆయనను ఎవలు తిప్పుతరు?”

అది పైవాళ్ళ మాట, తన చేతిలో ఏమీ లేదంది కళ్యాణి. పోతూ పోతూ ఆమె భుజం తట్టి, తట్టిన చేతిని వెంటనే వెనక్కి తీసుకుంది. లచ్చమ్మ అది చూసింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గురువారం పొద్దున చేసిన పనే రెండుసార్లు చేసింది. ఊడ్చిన చోటే ఊడ్చింది. మధ్యాహ్నం ఇంటికి బయలుదేరే ముందు వంటగదిలో కప్పులు కడిగి, చెంచాల పళ్ళెం ఎత్తడానికి వంగింది. ఒక చెంచా ఎగిరి వచ్చి ఆమె రొమ్ముకు అంటుకుంది. లాగి పళ్ళెంలో వేసి మళ్ళీ వంగితే మళ్ళీ అంటుకుంది. నీలం కోటు మీద ఆమె పేరున్న బ్యాడ్జికి అంటుకుని వేలాడుతోంది.

ఇంతకుముందు ఆ బ్యాడ్జీలకు పిన్నీసులుండేవి. చీరలు, కోట్లు చిరుగుతున్నాయని అందరూ మొత్తుకుంటే దసరా తర్వాత ఏజెన్సీవాళ్ళు మార్చారు. ఇప్పుడు బ్యాడ్జి బయట, అయస్కాంతం ముక్క కోటు లోపల. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.

లచ్చమ్మ చెంచాను చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. మంగళవారం లాప్‌టాప్ ఆగలేదు. ఆ రోజు తను టేబుల్ తుడవలేదా అంటే తుడిచింది, అశ్విని అడ్డం పెట్టినా తుడిచింది. సోమవారం వాన పడి కోటు ఆరక, మంగళవారం ఉత్త చీర మీదే పనికొచ్చింది. బ్యాడ్జి పెట్టుకోలేదు.

పోయి చూడొచ్చు. కానీ ఒక్కతే ఉన్నప్పుడు అది ఆగితే సోమవారం దాకా కూడా ఉంచరు. ఎవరికైనా చెబుదామంటే, తప్పు తప్పించుకోవడానికి కథలల్లుతోందంటారు. గడియారం ఒంటిగంటకు ఐదు నిమిషాలు చూపిస్తోంది. ఇంట్లో కొమురయ్య ఎదురుచూస్తుంటాడు. గుమ్మం దాకా పోయింది, తిరిగొచ్చింది. మళ్ళీ గుమ్మం దాకా పోయింది. చివరికి డబ్బా విప్పుకుని అన్నం తింటున్న రవికిరణ్ ముందు నిలబడింది.

“సార్, జర ఇటు రాండ్రి.”

“ఏంటమ్మా, మళ్ళీ ఆగిందా?”

“ఆగలే సార్. ఆపి చూపిస్త.”

అతను ముద్ద చేతిలో పట్టుకుని ఆమెను చూశాడు. తర్వాత లేచి చెయ్యి కడుక్కుని ఆమె వెంట ముందు టేబుల్ దగ్గరికి వచ్చాడు. లచ్చమ్మ కోటు లోపల చెయ్యి పెట్టి అయస్కాంతం తీసింది, బ్యాడ్జితో కలిపి అతని అరచేతిలో పెట్టింది. “మీ చేతితోనే దాని దగ్గర పెట్టి చూడుండ్రి. నేను ఆడ దూరం నిలబడత,” అని లిఫ్టు పక్క గోడ దాకా పోయి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. అశ్విని కుర్చీలోంచి లేచి చూస్తోంది.

రవికిరణ్ బ్యాడ్జిని తెర పక్కన పెట్టాడు. ఏమీ కాలేదు. కుడి మూలకు జరిపాడు. ఏమీ కాలేదు. అశ్విని నిట్టూర్చింది.

“అట్ల కాదు సార్,” అంది అక్కణ్ణుంచే. “గోడ దిక్కు తుడిచేటప్పుడు నేను దాని మీంచి వంగుత. ఎడమ దిక్కు, ముంగట.”

అతను బ్యాడ్జిని అక్షరాల కింద ఎడమవైపుకు తెచ్చాడు. తెర నల్లబడింది.

రవికిరణ్ దాన్ని చంపి, మళ్ళీ తెరిచి, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ నల్లబడింది. మూడోసారి నవ్వు ఆపుకోలేకపోయాడు. మూత మూశారో లేదో తెలుసుకోవడానికి దాని లోపల ఒక చిన్న ముక్క ఉంటుందని, మూతలో ఉన్న అయస్కాంతం దగ్గరికొస్తే అది మూసేశారనుకుని నిద్రపోతుందని అశ్వినికి చెప్పాడు. ముసలిది కాబట్టి నిద్రపోయాక లేవలేకపోతోంది. “నేను దీన్ని మొత్తం విప్పేశానండి,” అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. “నెల రోజులు.”

అశ్విని తల వంచుకుంది. “అక్కా, నేను నిన్ను గిట్ల...” అని ఆగిపోయింది. లచ్చమ్మకు దాన్ని వినే తీరిక లేదు. ఒంటిగంట దాటి ఇరవై నిమిషాలైంది.

కళ్యాణికి అప్పటికప్పుడు ఫోన్ చేసింది రవికిరణే. కొత్తామె పేరు రాసేశామని, ఇప్పుడు మార్చడం కష్టమని అటునుంచి వినిపించింది. లచ్చమ్మ చెయ్యి చాచి ఫోన్ అడిగి తీసుకుంది. అంత ధైర్యం తనకెలా వచ్చిందో ఆమెకే తెలియదు.

“కొత్తామె కూడ గీ బ్యాడ్జే పెట్టుకొస్తది కద మేడం,” అంది.

అవతల కళ్యాణి నవ్వింది. సోమవారం ఇక్కడికే రమ్మంది, బ్యాడ్జి మాత్రం రొమ్ము దగ్గర కాకుండా నడుము కిందికి, కోటు అంచుకు పెట్టుకోమంది. లచ్చమ్మ ఫోన్ రవికిరణ్ చేతిలో పెట్టి ఇంటికి ఉరికింది.

ఆ మాట మాత్రం పూర్తిగా పోలేదు. ఆరో అంతస్తులో ఇప్పటికీ లచ్చమ్మ చేతి గురించి చెప్పుకుంటారు, ఫోన్ దాచుకునే అతను ఇప్పటికీ దాచుకుంటాడు. వాళ్ళకు తెలియనిది ఒకటుంది. ఊడ్చేవాళ్ళు మిషన్లను ముట్టుకోకూడదని పనిలో చేరిన రోజే ఏజెన్సీవాళ్ళు చెప్పి సంతకం తీసుకున్నారు. లచ్చమ్మ దాని చుట్టూ తుడిచేది, దాని మీద దుమ్మును వదిలేసేది. ఆ గురువారం మూడోసారి తెర నల్లబడ్డాక, ఈసారి మీరు లేపండమ్మా అని రవికిరణ్ అంటే చీరకు వేలు తుడుచుకుని బటన్ నొక్కింది. పదకొండు నెలల్లో ఆమె చెయ్యి ఆ లాప్‌టాప్‌కు తగలడం అదే మొదటిసారి.