అత్త సత్తుగిన్నె, ఇనుప పెనం

మా మేనత్త పోయిందని మామే ఫోన్ చేశాడు. "మీ అత్త లేదు పాపా," అన్నాడు. ఆ వెంటనే, "పొయ్యి ఆర్పేసినాలే, నువ్వు నిదానంగా రా," అన్నాడు. చావు కబురులో పొయ్యి ఊసేమిటని మీకు అనిపించవచ్చు. నాకు అనిపించలేదు.

జువ్వలదిన్నెలో వాళ్లది చేపల వేట మీద బతికిన ఇల్లు. పిల్లలు లేరు. నా సెలవులన్నీ అక్కడే గడిచాయి. అత్త వంటింట్లో రెండింటికే మర్యాద: చేపలు వేయించే పోత ఇనుము పెనం, చారు కాచే సత్తుగిన్నె. సత్తు అంటే ఇప్పటి అల్యూమినియం కాదు, తగరం కలిసిన తెల్లటి మెత్తటి లోహం. గోటితో గీస్తే గీత పడేది. ఆ చారు రుచి నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.

"ఇనుము మీ మామ మాదిరి," అనేది అత్త. "వేడెక్కేదానికీ టైమే, చల్లారేదానికీ టైమే. కాలతా ఉన్నప్పుడు చన్నీళ్లు పోస్తే మాత్రం పగిలి చస్తాడు." వల బాగు చేసుకుంటూ మామ నవ్వేవాడు. సత్తు సంగతి వేరు. "అది ఎర్రబడదు, పొగ రాదు. ఉత్త గిన్నె మంట మీద పెట్టినామా, చెప్పా పెట్టకుండా నీళ్లయిపోద్ది."

అందుకే ముందు చారు పోయాలి, తర్వాతే పొయ్యి వెలిగించాలి. పెరట్లో చేపలు కడుగుతున్నా సరే, అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినపడితే చాలు, అక్కణ్నుంచే "పోసినావా?" అనేది. "పోసినా అత్తా" అనేదాకా వదిలేది కాదు. నెల్లూరులో కాపురం పెట్టి ఇన్నేళ్లయినా, స్టవ్ వెలిగించబోతూ నేను ఒక్క క్షణం ఆగుతాను. ఆ ఆగడం ఆమె నేర్పిందే.

పోయినేడాది ఆమెకు మరుపు మొదలైంది. ఒకనాడు తనే ఉత్త గిన్నె మంట మీద పెట్టి పెరట్లోకి వెళ్లింది. మామ వచ్చేసరికి అడుగంతా కరిగి కారిపోయింది. పై అంచు మాత్రం మిగిలింది. దాన్ని చేతుల్లో తిప్పుతూ, "నేను పోయలేదా?" అంది అత్త మామతో. "గిన్నె పోతే పోయింది. రేపు నిన్ను మర్చిపోతే ఏం చేసేది?"

ఆ రోజు నుంచి పొయ్యి దగ్గర మామే కాపలా. చివరికి ఆమె మా పేర్లూ మర్చిపోయింది, ఆయన పేరూ మర్చిపోయింది. పుల్ల గీసిన చప్పుడుకు మాత్రం మంచంలోంచి "పోసినావా?" అనేది. ఆ ఒక్క మాట కోసం మామ వంట పని లేకపోయినా పుల్లలు గీసేవాడు.

దినాలు అయిపోయిన సాయంత్రం వంటింట్లోకి వెళితే, పొయ్యి మీద పెనం, పెనంలో ఆ సత్తు అంచు, కింద మంట. మామ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"మామా, కరిగిపోద్ది," అన్నాను.

"ఆ మాట ఆమె అనాల," అన్నాడు.

నేను పొయ్యి ఆర్పాను. ఇనుము మాత్రం వేడిని వదల్లేదు. పట్టకారుతో తీయబోతే అంచు తునిగి పెనంలోనే పడింది. నీళ్లు పోద్దామని చెంబు ఎత్తాను. మామ నా చేయి పట్టుకున్నాడు.

"వద్దు పాపా. పెనం పగులుద్ది. ఇదన్నా ఉండనీ."

మంట లేకుండానే ఆఖరి ముక్క కూడా నల్లటి పెనంలో తెల్లగా పరుచుకుంది. మామ పెరటి తలుపు వైపు తిరిగాడు. నిండు చెంబు చేత్తో పట్టుకుని నేనూ అటే చెవి పెట్టి నిలబడ్డాను.