ఇరవైలో ఒకటి

మా బిడ్డకు పప్పు పడదు. పడదంటే కడుపునొప్పి కాదు. పప్పులో, గుడ్డులో, పాలలో ఉండే ఒక అమైనో ఆసిడ్‌ను దాని ఒళ్లు పూర్తిగా వాడుకోలేదు. మిగిలిపోయింది మెల్లగా మెదడుకెక్కుతుంది. పట్నం డాక్టరమ్మ అదంతా విడమరిచి చెప్పినా నాకు అర్థమైంది ఒక్కటే. ముద్ద అటూ ఇటూ అయితే బిడ్డ తెలివి పోతుంది.

మా అవ్వకు, అంటే నన్ను కన్న తల్లికి, అర్థమైంది వేరు. ఉట్నూర్ నుంచి నిర్మల్‌లోని మా ఇంటికి వచ్చీ రాగానే కందిపప్పు డబ్బా తీసుకెళ్లి వాకిట్లో పెట్టేసింది. "పప్పుల ఆసిడ్ ఉన్నదా? గా దుకాణపాయినె ఏం కలిపిండో అడిగొస్త!" బాత్రూం కడిగే ఆసిడ్ సీసా ఆమె కళ్ల ముందు మెదిలి ఉంటుంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

ఎవరూ ఏమీ కలపలేదని చెప్పాలంటే ముందు నేను తెలుసుకోవాలి కదా. ముసురు పట్టిన మధ్యాహ్నాల్లో, బిడ్డ నా తొడ మీద తల పెట్టుకుని పడుకుంటే, ఫోనులో చదివేదాన్ని. చదువుతూనే కళ్లు మూతలు పడేవి. ఆ మగతలో ఇల్లు లేదు, వీధి లేదు, ఇంకా జీవమే పుట్టలేదు. భూమంతా వేడి నీళ్ల మడుగులు, ఉరుములు, ఆకాశం నుంచి రాలిపడే రాళ్లు. ఆ రాళ్లలోనూ అమైనో ఆసిడ్లు ఉంటాయట. అవి వందల రకాలట. జీవం మాత్రం ఒళ్లు కట్టుకోవడానికి ఇరవైనే పట్టుకుంది. ఎందుకు ఆ ఇరవయ్యే? ఖరాఖండిగా చెప్పగలిగినవాళ్లు లేరు. మొదట చేతికందినవి తీసుకుందని కొందరంటారు. ఆ తర్వాత పని పడ్డకొద్దీ చిన్నవీ పెద్దవీ, నీళ్లలో కలిసేవీ కలవనివీ, తానే తయారు చేసుకుందట. మా బిడ్డకు పడనిది అలా వెనక వచ్చిన వాటిలోదేనంటారు. అన్నీ ఒకసారి కలిసి కుదురుకున్నాక ఒక్కదాన్ని తీసేస్తే ఒంట్లో ప్రతిదీ చెడుతుంది. అందుకే నాచు నుంచి నాగుపాము దాకా, కోడి నుంచి కందిచేను దాకా అందరివీ అవే ఇరవై.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. వందలుండగా ఇదే దొరికిందా? ఆ మడుగు గట్టున నేనుంటే చెయ్యి పట్టుకుని ఆపేదాన్ని.

ఆపితే మా బిడ్డే ఉండదని నాకు తట్టలేదు. అదీ డాక్టరమ్మే చెప్పింది, "మొత్తానికి బంద్ చెయ్యకు. కొంచెం కావాలె. అది లేకపోతే పిల్ల పెరగదు" అని.

ఇదంతా ఆరేళ్ల దానికి కథలాగా చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"అయితె కోడి నాకు చుట్టమా?"

"చుట్టమే."

"కందిచెట్టు?"

"అది గూడ."

పక్కనే ఉన్న అవ్వ అందుకుంది. "మరి చుట్టాలింటికి పోయి ముద్ద ముట్టకుంట వస్తరా బిడ్డా? జరంత తినాలె. కడుపు నిండ కాదు, మర్యాదకు."

ఆ రోజు డాక్టరమ్మ చెప్పిన కొలత దాటకుండా ఒక్క చెంచా పప్పు అన్నంలో వేశాను. బిడ్డ కళ్లు మూసుకుని మెల్లగా తిన్నది. వేళ్లు నాకింది. ఇంకొంచెం అంటుందని, వద్దనడానికి మాటలు వెతుక్కుంటూ కూర్చున్నాను. అది పళ్లెం నా వైపు జరిపి, "సాలమ్మా, మర్యాదకు తిన్న" అన్నది.

ఆ వయసు పిల్ల మారాం చేయాలి. ఒక్కసారి చేసినా బాగుండేదని నాకు ఏడుపొచ్చింది.