దారం కట్టిన పెట్రోలు సీసా

నా చిన్నప్పుడు కొండాపూర్‌లో మా వాడ మొత్తానికి స్కూటరు ఒక్కటే ఉండేది. అది మా పెద్దనాయనది. ఇప్పుడు మేముండే అపార్ట్‌మెంటు సెల్లారులో బండి పెట్టుకునే చోటు కోసం రోజూ కొట్లాటే. ఈ మధ్య పెట్రోలు ధర మళ్లీ పెరిగాక ఆ కొట్లాట కాస్త సద్దుమణిగింది. అపార్ట్‌మెంటు పిల్లలు నలుగురు కలిసి ఒకే కారులో హైటెక్ సిటీకి ఉద్యోగాలకు పోతున్నారు. మా కోడలు ఏసీ వేయనివ్వదు, సిగ్నల్ పడితే ఇంజన్ ఆపేస్తుంది, పైగా అదంతా తనే కనిపెట్టినట్టు నాకు పాఠం చెబుతుంది. ఇలాంటివన్నీ మా పెద్దనాయన ఎప్పుడో చేసి చూపించినవే.

ఆయన జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. అప్పట్లో పెట్రోలు ధర పెరిగిన ఒక ఏడు, దిగుడు వస్తే చాలు, ఇంజన్ ఆపి స్కూటరును దానంతట దాన్ని పోనిచ్చేవాడు. పెట్రోలు అయిపోయి బండి ఆగితే దాన్ని పక్కకు వాల్చి, అడుగున మిగిలిన చుక్కలతో ఇల్లు చేరేవాడు. చివరికి అదీ గిట్టుబాటు కాక సైకిలెక్కాడు. స్కూటరు గోనెసంచి కప్పుకొని అరుగు పక్కన నిలబడింది.

అయితే ఒక పెద్ద గోధుమరంగు మందు సీసాలో మాత్రం పెట్రోలు పోసి గూట్లో దాచాడు. వాడలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే పట్నంలోని దవాఖానకు పోవడానికి అది. ఎంతవరకు ఉందో గుర్తుగా ఆ ఎత్తున సీసాకు తెల్ల దారం కట్టాడు. రోజూ పనికి పోయేముందు దారం చూసుకొని, మళ్లీ గూట్లో పెట్టి పోయేవాడు.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. వాన నీటి గుంటలో ఒక్క చుక్క పెట్రోలు వేస్తే ఏడు రంగులు విచ్చుకుంటాయి. అది చూపిస్తే వాడలో పిల్లలంతా నా వెంటే. ఎనిమిదేళ్ల దానికి అంతకంటే ఏం కావాలి? సీసాలోంచి ఒక మూతెడు తీశాను, మర్నాడు ఇంకో మూతెడు. దారం కింద ఖాళీ కనబడేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. కుండలోంచి నీళ్లు ముంచి దారం దాకా పోశాను. పెద్దనాయన పొద్దున చూసి ఏమీ అనలేదు. అమ్మయ్య అనుకున్నాను. వానలు వెనకబట్టేసరికి సీసాలో సగానికి పైగా నీళ్లే.

మా పక్కింటి అక్కకు అప్పుడు ఇరవై ఏళ్లుంటాయి. రోజూ నాకు జడ వేసేది, ఆదివారం బడి పాటలు నేర్పేది. తొలిచూలు, ఏడో నెల. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, మిట్టమధ్యాహ్నం, బావి దగ్గర కూలబడిపోయింది. చీర రక్తంతో తడిసింది. ఆడవాళ్ల గోల విని పెద్దనాయన స్కూటరు మీది గోనెసంచి లాగేశాడు, గూట్లోంచి సీసా తెచ్చి ట్యాంకులో ఒంపాడు. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. చెప్పాలనే ఉంది. గడప దిగలేకపోయాను. ట్యాంకు కింది గొట్టంలో మిగిలి ఉన్న నాలుగు చుక్కలతోనేమో, బండి స్టార్టయింది. అక్కను మధ్యలో కూర్చోబెట్టి, వెనక వాళ్లమ్మ పట్టుకొని, ముగ్గురూ పోయారు.

గుట్ట దాటగానే స్కూటరు ఆగిపోయిందట. ఎంత వాల్చినా, ఎంత తన్నినా కదలలేదు. రాళ్లు మోసే ఎడ్లబండి ఒకటి దొరికి, వాళ్లు దవాఖాన చేరేసరికి పొద్దు వాలిపోయింది. అక్క బతికింది. కొడుకు దక్కలేదు.

మర్నాడు పెద్దనాయన స్కూటరును నెట్టుకుంటూ వచ్చి, ట్యాంకులో ఉన్నదంతా ఒక గిన్నెలోకి వంచాడు. అడుగున తేటగా నీళ్లు నిలిచాయి. చాలాసేపు గిన్నెనే చూసి, తర్వాత నన్ను చూశాడు. నేను భోరుమన్నాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు, పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"తీసినవంటే తీసినవ్ బిడ్డా. దారం కిందికి దిగితే నాకు తెలుస్తుండె, ఎట్లనన్న జేసి తెచ్చి పోస్తుంటి. నీళ్లెందుకు పోసినవ్?"

తర్వాత లేచి పక్కింటికి పోయాడు. సీసా కడిగి ఆరబెట్టకుండా తనే పెట్రోలు పోశానని, తప్పు తనదేనని చెప్పాడు. వాళ్లమ్మ మన్నెత్తి పోసింది. ఆ రోజు నుంచి ఆ ఇంటితో మాటలు లేవు. కొన్నాళ్లకు వాళ్లు కూకట్‌పల్లికి వెళ్లిపోయారు. పెద్దనాయన పోయినప్పుడు ఆ ఇంటి నుంచి ఒక్కరు కూడా రాలేదు. ఆయన బతికున్నన్నాళ్లూ ఆ మాట వెనక్కి తీసుకోలేదు, నేను నోరు విప్పలేదు.

ఈ ఏడాది ఆ అక్క, తన కూతురి దగ్గరుందామని మా పక్క బ్లాకుకు వచ్చింది. తల ముగ్గుబుట్టయింది. పెట్రోలు ఖర్చు కలిసొస్తుందని మా కోడలే మాట్లాడి, ఆదివారం చర్చికి రెండిళ్లవాళ్లకూ ఒకే కారు పెట్టింది. ఇన్నేళ్ల తర్వాత అక్క నా పక్కన కూర్చొని, నా తలమీద చేయి వేసి, జడ ఏమైందే అని నవ్వింది. నాలుగు వారాలు అలాగే పోయాం. ఐదో వారం కోడలు సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపింది. ఆనాడు పోయిన కొడుకు ఉంటే ఈపాటికి తననూ చర్చికి తీసుకుపోయేవాడని అక్క మెల్లగా అంది. ఇక నా వల్ల కాలేదు. ఆమె చేయి పట్టుకొని దారం సంగతీ, నీళ్ల సంగతీ చెప్పేశాను.

కారు మళ్లీ కదిలి, చర్చి ముందు ఆగింది. దిగేముందు అక్క అడిగింది.

"ఆయన ఉన్నప్పుడే ఎందుకు చెప్పకపోతివి చెల్లె? ఆయన మట్టికి గూడ నేను రాకపోతి."

ఆ తర్వాతి ఆదివారం నుంచి అక్క మా కారెక్కడం లేదు. ఆ సీటు మూడో అంతస్తువాళ్లకు ఇద్దామని, ఖర్చు కలిసొస్తుందని కోడలు పోరుతోంది. నేను ఇవ్వనివ్వలేదు. అది ఖాళీగా ఉంటే ఖాళీగానే కనబడనీ అన్నాను.