బేగాయిమ్‌కు చెప్పని కబురు

పాలు పితికేటప్పుడు ఫోన్‌ని వీడియో పెట్టి దడికున్న మేకుకి తగిలించుకోవడం నాకు అలవాటు. మా అత్‌బాషీలో అప్పుడప్పుడే కొండల మీద వెలుగు వస్తుంటే అక్కడ చైనాలో, లాంజౌలో, ఎండ ఎక్కి ఉండేది. ఆమె క్లాసుకి నడుస్తూ మాట్లాడేది, నేను ఆవు కింద కూర్చుని ఊఁ కొట్టేదాన్ని. నా బకెట్టు నిండేసరికి ఆమె కాలేజీ గేటు వచ్చేది. ఇప్పుడు ఫోన్ మోగదు. ఆమె పక్క గదిలోనే ఉంది, గోడవైపు తిరిగి పడుకుని. నేను మాటా పలుకూ లేకుండా పాలు పితుక్కుని వస్తున్నాను.

ఆమె పేరు బేగాయిమ్. మా ఆయన చెల్లెలు. మాలో కోడళ్ళం అత్తింటివాళ్ళ పేర్లు పలకం. కాగితం మీద పరవాలేదులే అని రాస్తున్నాను. నోటితో పిలిచేది చిన్నీ అని. నేను కాపురానికి వచ్చేసరికి ఆమెకి పాలపళ్ళు ఊడుతున్నాయి. మా అత్తమామలు అప్పటికే పోయారు. మాకు పిల్లలు కలగలేదు. జడలు వేసింది నేను, గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకుని బడికి దింపింది వాళ్ళన్నయ్య. అంతే, మా ఇంట్లో పిల్ల అంటే చిన్నీయే.

నీళ్ళ చదువు చదువుతానని చిన్నప్పుడే పట్టుబట్టింది. మంచు కరిగే రోజుల్లో మా కాలవ ఏటా ఒకే చోట తెగుతుంది. వాళ్ళన్నయ్య ఏటా పార పట్టుకుని వెళ్ళి అక్కడే మట్టి వేసేవాడు. "అక్కడే ఎందుకు తెగుతుంది?" అని ఈ పిల్ల అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. చైనా వాళ్ళు చదువు చెప్పి తిండి కూడా పెడతారని తెలిసి వెళ్ళడానికి సిద్ధమైంది. మా ఆయన బాబాయి, నాకు చిన్నమామయ్య, ఇంటికి వచ్చి మరీ వెక్కిరించాడు.

"నీళ్ళు ఎటు పారతాయో తెలుసుకోడానికి చైనా దాకా ఎందుకే? పల్లానికి పారతాయి!"

"అది తెలుసు బాబాయ్. మీ పొలం మెరకలో ఉంది కదా, దాన్లోకే ముందు ఎందుకు పారతాయో తెలుసుకొస్తా."

మా ఆయన టీ గిన్నె కింద పెట్టి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. చిన్నమామయ్య కూడా చివరికి నవ్వక తప్పలేదు.

మొదటి ఏడు భాషకే సరిపోయింది. టీచరు నోటికి తిరగక ఆమెకి రెండక్షరాల చైనా పేరు పెట్టింది. ఆ పేరుతో పిలిస్తే తననే అని తెలియక బెల్లంకొట్టిన రాయిలా కూర్చునేదట, క్లాసంతా నవ్వేదట. క్యాంటీన్లో దేన్లో పంది మాంసం ఉందో తెలియక మొదట్లో ఉత్త అన్నం, గుడ్డు తిని బతికింది. తర్వాత నది ఒడ్డున మసీదు పక్కన ఒక ముసలాయన నూడుల్స్ కొట్టు దొరికింది. ఈమెది గడ్డి కొండల ఊరని తెలిసి ఆయన ఒక గరిటె పులుసు ఎక్కువ పోసేవాడు.

"ఇక్కడ అందరూ మంచివాళ్ళే వదినా," అని ఒకసారి అంది. "కాని నేను ఎవరి పిల్లనని ఒక్కళ్ళూ అడగరు. మన ఊళ్ళో ఆ మాట అడక్కుండా మంచినీళ్ళు కూడా ఇవ్వరు కదా."

"తిన్నావా?" అన్నాను.

"తిన్నాలే. నువ్వు మాట్లాడకు. పాల చప్పుడు విననీ."

క్రమంగా నిలదొక్కుకుంది. లావోస్ నుంచి వచ్చిన పిల్ల ఒకతె ఆమె గదిలోనే ఉండేది. ఇద్దరూ వచ్చీరాని చైనా మాటల్లోనే దెబ్బలాడుకుని, ఆ మాటల్లోనే కలిసిపోయేవాళ్ళు. నదిలో నడుముదాకా దిగి నీటి వేగం కొలిచిన రోజు ఆ బట్టలతోనే ఫోన్ చేసింది. మా ఆయన ఫోన్ లాక్కుని, "జలుబు చేస్తే ఆ నదిని వదిలిపెట్టను, చెప్పు దానికి!" అని అరిచాడు. ఇక చివరి ఏడాది మిగిలింది. కాలవ తెగే చోటు సంగతే పరీక్షకి రాస్తున్నానని చెప్పింది. మా ఆయన ఆ మాట కనపడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

ఆ చలికాలం చివర్లో మా ఆయన కొట్టం కప్పు మీద మంచు తోసి దిగాడు. లోపలికి వచ్చి, "కాస్త టీ పొయ్యి," అన్నాడు. నేను గిన్నె అందించేసరికి గోడకి ఆనుకుని ఉన్నాడు. గిన్నె అందుకోలేదు.

ఊరంతా వచ్చింది. పెద్దలు కూర్చుని ముందు తేల్చిన మాట చిన్నీ గురించే. మాలో దూరాన ఉన్నవాళ్ళకి చావు కబురు ఫోన్లో చెప్పరు. మనిషి ఇంటికి రావాలి, నలుగురు పెద్దలు చుట్టూ కూర్చోవాలి, రెండు పక్కలా చేతులు పట్టుకుని అప్పుడు చెప్పాలి.

"అక్కడ కూలబడితే ఎవరు పట్టుకుంటారు?" అన్నాడు చిన్నమామయ్య. "పరీక్షలు రాసి ఎండాకాలం రానీ. మేమే చెబుతాం. అందాకా ఎవరూ నోరు మెదపొద్దు."

"రోజూ ఫోన్ చేస్తుంది మామయ్యా. అన్నయ్య ఏడీ అంటే?"

"గొర్రెల దగ్గరున్నాడని చెప్పు. వాడు ఇంట్లో ఉన్నదెప్పుడు గనక!" ఆ మాటంటూ తనే ఏడ్చేశాడు.

ఆ మధ్యాహ్నమే చనిపోయినవాడి గుర్రానికి చేసేట్టు మా ఆయన గుర్రానికి జూలు, తోక కత్తిరించి రాటకి కట్టేశారు.

మర్నాటి నుంచి ఫోన్ వచ్చే వేళకి నల్ల రుమాలు విప్పి పూల రుమాలు కట్టుకునేదాన్ని. ఆవు దగ్గర కూర్చుని మొహం తుడుచుకుని, అప్పుడు ఫోన్ ఎత్తేదాన్ని.

"అన్నయ్య ఏడీ?"

"గొర్రెల్ని తోలుకెళ్ళాడు."

"ఏ వైపు?"

"తూర్పు వాలుకి."

"కుంటి గొర్రె కూడా వెళ్ళిందా?"

"వెళ్ళింది. వెనక నడిపిస్తున్నాడు."

"చలిగా ఉందేమో. టోపీ పెట్టుకున్నాడా?"

"పెట్టుకున్నాడే తల్లీ."

ఇదివరకు ఇన్ని అడిగేది కాదు. అన్నయ్యని అడిగానని చెప్పు అనేసి వాళ్ళ నూడుల్స్ గొడవలోకి వెళ్ళిపోయేది. ఇప్పుడు ఆమె గుచ్చి గుచ్చి అడుగుతుంటే నేను పొదుగు మరీ గట్టిగా పట్టేదాన్ని, ఆవు కాలు విదిలించేది. మాట మార్చడానికి పరీక్షల సంగతి ఎత్తేదాన్ని. "బాగా రాస్తున్నా వదినా," అనేది. ఆమె వెనక ఎప్పుడూ ఒకటే గోడ కనిపించేది. నడక లేదు, గేటు రాదు. క్లాసులు సాయంత్రానికి మార్చారని చెబితే అవునేమో అనుకున్నాను.

ఎండాకాలం వచ్చింది. ఆమె వచ్చే రోజు ముసలాళ్ళు గేటు దగ్గర కర్రల మీద వంగి వరసగా నిలబడ్డారు. ఆడవాళ్ళం లోపల కూర్చున్నాం. చిన్నమామయ్య చెప్పాల్సిన మాటలు పొద్దుటి నుంచి గొణుక్కుంటున్నాడు. కారు ఆగింది. చిన్నీ నల్ల రుమాలు కట్టుకుని దిగింది.

ఆమే వెళ్ళి ఒక్కొక్క ముసలాయన్నీ కౌగిలించుకుంది. తర్వాత లోపలికి వచ్చి నా పక్కన మా ఆడవాళ్ళ ఆనవాయితీగా గోడకి మొహం పెట్టి కూర్చుని గొంతెత్తి శోకాలు పెట్టింది. అప్పటికప్పుడు తట్టిన మాటలు కావవి. ఎన్నాళ్ళనుంచో వరస కట్టుకుని, ఏడవడానికి చోటులేక దాచుకున్న మాటలు.

ఏడుపులు సద్దుమణిగాక చిన్నమామయ్య భార్య, మా చిన్నత్త, అందుకుంది. "ఎవరు చెప్పారే నీకు? ఎవరి నోరు ఊరుకోలేదు?"

"ఎవరూ చెప్పలేదు పిన్నీ. గుర్రాన్ని చూశాను. మొదటి రోజే. వదిన వెనకాల రాటకి కట్టేసి ఉంది, తోక లేకుండా."

రుమాలు మార్చాలన్న ధ్యాసే తప్ప నా వెనక ఏముందో నేను చూసుకోలేదు. ఆ గుర్రం రోజూ అక్కడే ఉంది.

తర్వాత వంటింట్లో పొయ్యిలో పిడకలు పెడుతూ అడిగాను. "తెలిసీ రోజూ అడిగేదానివేమే? ఏ వైపు వెళ్ళాడు, టోపీ పెట్టుకున్నాడా అని?"

"నువ్వు చెబుతుంటే అన్నయ్య ఎక్కడో ఒకచోట తిరుగుతున్నట్టుండేది వదినా."

"మరి పరీక్షలు?"

"రాయలేదు."

పిడకలు పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాను.

"మీరెవరూ చెప్పలేదు, చెప్పకుండా నేనెలా ఏడ్చేది?" అంది. "ఏడిస్తే నీకు తెలిసిపోతుంది. అక్కడ ఏడుద్దామంటే అన్నయ్యని చూసినవాళ్ళు ఒక్కళ్ళు లేరు. మంచం దిగలేకపోయాను వదినా. ఆ లావోస్ పిల్లే అన్నం తెచ్చి దిండు పక్కన పెట్టేది."

టీచరు గదికే వచ్చి చూసిందట. ఆకురాలే కాలంలో వచ్చి ఆ చివరి భాగం మళ్ళీ చదివితే సరిపోతుందని, అంతవరకే ఆమె చోటు అట్టిపెడతారని చెప్పిందట.

సంగతి విని చిన్నమామయ్య నెత్తి కొట్టుకున్నాడు. "ఇంత ఊరు నోరు కట్టుకున్నది దేనికి మరి! ఈసారి నేను పంపిస్తా. వాడి కోరిక తీరాలా వద్దా?"

ఆయన మాటలో తప్పులేదు. మా ఆయన కోరికా అదే. చిన్నీ మాత్రం అవుననలేదు, కాదనలేదు. ఎండాకాలమంతా ఆ గదిలో బొంతల మీద పడుకునే ఉంది. ఎప్పుడు తొంగిచూసినా కళ్ళు తెరిచే ఉండేవి.

ఆమెని విమానానికి తీసుకెళ్ళే కారు వచ్చేది ఈ పొద్దున్నే. రాత్రి చిన్నమామయ్య మరీ మరీ చెప్పి వెళ్ళాడు. "తెల్లారగానే లేపు. లేవగానే బొంతలు మడిచి పెట్టె మీద పెట్టెయ్యి. పరిచి ఉంటే మళ్ళీ పడుకుంటుంది. ఈ కారు తప్పితే విమానం అందదు, ఈ ఏటికి చదువు అందదు."

తెల్లారగానే వెళ్ళాను. చిన్నీ నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని, ఒక చెయ్యి బొంత బయట పడేసి, గట్టిగా నిద్రపోతోంది. వచ్చాక ఆమె నిద్ర చూడడం ఇదే మొదలు. లేపుదామని భుజం దాకా వంగి, వెనక్కి వచ్చేశాను.

గేటు దగ్గర హారన్ మోగింది. చిన్నత్త గబగబా లోపలికి వచ్చింది. "ఇంకా బొంతలు ఎత్తలేదా? ఇంత పొద్దెక్కాక పరుపులు పరిచి ఉండే ఇల్లా మనది? చూసినవాళ్ళు ఏమంటారు?"

"అననీ అత్తయ్యా."

"కారు వెళ్ళిపోతుందే!"

"వెళ్ళనీ."

కాపురానికి వచ్చాక ఆవిడకి ఎదురు చెప్పింది లేదు. ఆవిడ గేటు వైపు వెళ్ళింది. చిన్నమామయ్య కేకలు వినిపించాయి. ఆయనకి ఏం జవాబు చెప్పాలో, మా ఆయన ఉంటే ఏమనేవాడో, వచ్చే ఏడు ఆ చోటు ఉంటుందో ఉండదో నాకు తెలియదు. కారు కదిలిన చప్పుడైంది.

ఎండ కిటికీలోంచి ఆమె కాళ్ళ దాకా వచ్చింది. నేను తెర లాగి, బొంతలు అలాగే ఉంచి, తలుపు దగ్గరగా వేశాను.