ఎరుపు మాయమైన పొద్దు

పాశమైలారంలో ఒక మందుల కంపెనీ పోర్టల్ చూసుకునే ఉద్యోగంలో అప్పుడే చేరాను. పేజీలన్నీ కంపెనీ నీలం రంగులో ఉండాలన్నారు మేనేజరు. అన్ని పేజీల రంగులూ ఒక్క స్టైల్ ఫైల్లోనే ఉంటాయి. అందులో నాలుగు లైన్లు మార్చగానే పోర్టలంతా నీలమైంది. మురిసిపోయాను.

పావుగంటకే ప్లాంటు నుంచి సూపర్‌వైజర్ సలీం భాయ్ ఫోన్ చేశాడు.

"ఏంది మేడం గిది? ట్యాంకు తెరవొచ్చో లేదో సెప్పే పర్మిట్లన్నీ నీలంగైనయ్! మావోళ్లు ఒడిశా నుంచి వచ్చిండ్రు, అక్షరాలు సూడరు, రంగు సూస్తరు. ఎర్రగుంటేనే ఆగుతరు. గ్యాసున్న ట్యాంకు మూత తీసిండ్రు, లోపలికి దిగుతుంటే నేను ఉరికొచ్చి ఆపిన!"

ఏడవడానికి తీరిక లేదు. పాత ఫైలు మళ్లీ పెట్టి, "ఎరుపొచ్చింది మేడం" అని ఆయన అనేదాకా ఫోన్ వదల్లేదు. తర్వాత నేరుగా మేనేజరు గదిలోకి నడిచాను.

"తప్పు నాదే సార్. కానీ మీరేమన్న అనుకోండ్రి, ఇగ పర్మిట్ పేజీ ఎరుపు మాత్రం ఎవ్వరినీ ముట్టనియ్య."

ఇప్పుడు ఏ రంగు మార్చాలన్నా ముందు హెల్మెట్ పెట్టుకుని ప్లాంటుకే వెళ్తాను. కొత్త పేజీ అక్కడి పనివాళ్లకు చూపిస్తాను. ఆగాల్సిన చోట వాళ్లు ఆగితేనే, నా పని ముందుకు కదులుతుంది.