చోళ్ల డబ్బాలో కెమెరా

మొన్న సెలవులకి ఇంటికొచ్చిన మా అమ్మాయి సంచిలోంచి ఏదో తీసి మీట నొక్కింది. జుయ్ మని సన్నటి చప్పుడు. వంటింట్లో కాఫీ కలుపుతున్నదాన్ని చెంచా అక్కడే వదిలేసి బయటికొచ్చాను. చిన్న కెమెరా మూతి ముందుకు సాగేటప్పుడు వచ్చే చప్పుడు అది, ఎన్నాళ్లయినా మర్చిపోలేను. "ఇప్పుడు మా కాలేజీలో అందరూ పాత డిజిటల్ కెమెరాలే వాడుతున్నారమ్మా. ఇది ఫ్రెండుది. నాకూ ఒకటి కావాలి, ఎలాంటిది కొనాలో చెప్పు" అంది. చేతిలో అంత ఫోను పెట్టుకుని మళ్లీ ఇదేమిటని విసుక్కోవలసినదాన్నే. కాని ఆ ప్రశ్నకి జవాబు చెప్పవలసిన మనిషి నేను కాదు, సుభద్ర మేడమ్. ఆవిడే ఉంటే ఈ పిల్లని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లి, ఆ దుకాణదారుడిని మూడు చెరువుల నీళ్లు తాగించి మరీ కొనిపెట్టేవారు.

సుభద్ర మేడమ్ నా మొదటి హెడ్మిస్ట్రెస్. వైజాగ్‌కి ఎగువ కొండల్లో, అనంతగిరి దగ్గర ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో నేను టీచరుగా చేరేనాటికి ఆవిడ అక్కడ పాతుకుపోయి ఉన్నారు. ఆ కొండల్లోనే పుట్టిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేవారు. గొంతు కూడా అంతే, బడి గేటు దగ్గర నవ్వితే హాస్టలు వంటగదిలో వినిపించేది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని సొంత కాఫీ తోటలో పళ్లు కోసి, అదే చీరతో ప్రార్థనకి వచ్చేసేవారు. ఆర్భాటం అంటే ఆవిడకి ఒళ్లు మంట. అధికారులు వస్తున్నారని పిల్లల్ని ఎండలో నిలబెట్టమంటే, "వాళ్లు వచ్చేది పిల్లల్ని చూడ్డానికా, పిల్లలు వాళ్లని చూడ్డానికా?" అని పాఠాలు సాగించేవారు. నాకు భయమెక్కువ. ప్రతిదానికీ ముందు కీడే ఊహించుకోవడం నా స్వభావం. అలాంటి నన్ను ఆవిడ ఎందుకు చేరదీశారో ఇప్పటికీ తెలియదు.

మా పాప, ఇప్పుడు కెమెరా అడిగిన ఈ పిల్లే, నెలలు నిండకుండా పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు దాని చెయ్యి నా బొటనవేలంత లావు కూడా లేదు. మా ఆయన రైల్వేలో, టైడా దగ్గర లైను పని. పొద్దున పోతే సాయంత్రానికి గాని రారు. సాయానికి ఎస్.కోట నుంచి మా అత్తగారు వచ్చారు. మంచి మనిషే గాని ఆవిడ భయాలు ఆవిడవి, నా భయాలు నావి. రెండూ కలిసి ఆ చిన్న క్వార్టర్లో మాకు ఊపిరాడేది కాదు. చూడ్డానికి వచ్చినవాళ్లు "అయ్యో, ఎంత బక్కగా ఉందో" అనేవారు. నర్సు వచ్చి "బాగానే ఉందండీ" అనేది. అంగన్వాడీ తూకంలో వేస్తే పిల్ల కాళ్లు కొట్టుకుంటూ ఏడ్చేది, ముల్లు ఊగుతూనే ఉండేది. ఆ అంకెని నమ్మబుద్ధయ్యేది కాదు. పిల్ల బతికి బట్ట కడుతుందా అన్న మాట పైకి అనలేక లోపల లోపల కుమిలిపోయేదాన్ని.

ఒక సంతరోజు మేడమ్ కూరలు పట్టుకుని వచ్చారు. నా మొహం చూసి, "నీ దగ్గర కెమెరా ఉందా?" అని అడిగారు. లేదన్నాను. "నా దగ్గర ఉండేది, రీలు వేసేది. ఆ రీలు అయిపోతాదని ఎప్పుడూ పండగ కోసం దాచేదాన్ని. ఇప్పుడు చూస్తే నా దగ్గర ఉన్నవన్నీ పెళ్లిళ్లు, చావులే. మా అమ్మ తిరగలి దగ్గర కూచున్న ఫొటో ఒక్కటీ లేదు. నువ్వలాగ చెయ్యకు. చిన్నది, జేబులో పట్టేది ఒకటి కొను" అన్నారు. పిల్ల ఉంటుందో ఉండదో అని నేనేడుస్తుంటే ఈవిడ కెమెరా అంటారేమిటని కోపం వచ్చింది. కాని ఆవిడతో వాదించి గెలిచినవాళ్లెవరూ లేరు.

పాపని చూపించడానికి వైజాగ్ పెద్దాసుపత్రికి వెళ్లవలసి వచ్చినప్పుడు మేడమ్ కూడా మాతో కిరండోల్ పాసింజరు ఎక్కారు. డాక్టరు చూసి పంపాక తిన్నగా కెమెరాల దుకాణానికి తీసుకెళ్లారు. అక్కడి కుర్రాడు నల్లగా మెరిసే పెద్ద కెమెరా ఒకటి ముందు పెట్టి, "దీనికి జూమ్ చాలా ఎక్కువ మేడమ్. కొండమీద గుడి కూడా దగ్గరికొచ్చేస్తుంది" అన్నాడు.

"మేం ఉండేదే కొండమీద బాబూ. ఇంకేటి దగ్గరికి రావాలి?" అన్నారు మేడమ్. "కరెంటు లేకపోతే ఇది పని చేస్తాదా?"

"చార్జర్ ఇస్తాం కదండీ."

"కరెంటే లేదంటుంటే చార్జర్ అంటావేటి? పెన్సిల్ సెల్సు పడేది చూపించు. అవైతే మా సంతలో కూడా దొరుకుతాయి."

అలాంటివి బల్ల మీద పరిచాడు. మేడమ్ నా వైపు తిరిగి, "పద్మా, పిల్లని దింపకు. ఎత్తుకునే ఒంటిచేత్తో తియ్యి. తియ్యలేకపోతే అది నీకు పనికిరాదు" అన్నారు. తర్వాత మా ఆయన్ని దుకాణంలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడవమన్నారు. నేను మీట నొక్కాను. ఒక కెమెరాలో ఆయన వీపు పడింది, ఇంకోదాంట్లో ఉత్త గోడ పడింది. "నొక్కాక ఇంతసేపు ఆలోచిస్తే ఈలోగా పిల్ల నవ్వడం మానేస్తాది" అని అవి పక్కకి తోసేశారు. చివరికి బూడిదరంగుది ఒకటి మిగిలింది. దాంట్లో మా ఆయన కాలు లేపుతూ, నోరు తెరుచుకుని, స్పష్టంగా పడ్డారు. మూతి లోపలికి పోగానే దాని రెప్ప అదే మూసుకుంటుంది. మేడమ్ దాన్ని నా స్వెట్టర్ జేబులో పడేసి, బయటికి తీసి, మళ్లీ పడేసి, "ఇదే. బేగి వస్తాది, బేగి పోతాది" అని తేల్చేశారు.

అసలు యుద్ధం ఇంటికొచ్చాక మొదలైంది. కెమెరా చూడగానే అత్తగారు పాపని కొంగులో దాచేసుకున్నారు. "ఏటే ఇది? అప్పన్నకి పుట్టెంటికలు ఇచ్చిందాకా గుంటకి ఫొటో తియ్యకూడదు. ఆయుస్సు తగ్గిపోద్ది. నానొప్పుకోను" అన్నారు. అప్పన్న అంటే సింహాచలం దేవుడు, గుంట అంటే ఆడపిల్ల. మా అత్తవారింట ఆ పట్టింపు గట్టిది. నాకూ లోపల బెరుకే. మేడమ్ మాత్రం అత్తగారి పక్కన చాప మీద కూర్చుని, నెమ్మదిగా అడిగారు. "అమ్మా, ఫొటో అంటే ఏటి?"

"ఏటేటి? కాయితమ్మీద బొమ్మ."

"దీంట్లో కాయితం లేదు. అద్దంలో కనపడినట్టు కనపడతాది, అంతే. మీ మనవరాలిని అద్దం ముందు ఎత్తుకోరా?"

అత్తగారు కొంగు తీశారు గాని, కాగితం మీదకి ఎక్కించకూడదు, బయటివాళ్లకి చూపించకూడదు అని ఒప్పందం పెట్టారు. అంతటితో ఆగారా? కాటుక తెచ్చి, పాపకి పెట్టినట్టే కెమెరా వీపు మీద కూడా ఇంత దిష్టిచుక్క పెట్టారు. మేడమ్ నవ్వలేదు. "అద్దానికి మాత్రం అంటించకండమ్మా" అన్నారంతే. వానాకాలంలో మా కొండల్లో చెప్పులకి కూడా బూజు పడుతుంది. ఆ చెమ్మ తగలకుండా కెమెరాని గుడ్డసంచిలో కట్టి చోళ్ల డబ్బాలో, అదే రాగుల డబ్బాలో, పెట్టమన్నారు. అలా అది మా ఇంట్లో చోళ్ల మధ్య కాపురం పెట్టింది.

ప్రతి సంతరోజూ మేడమ్ వచ్చేవారు. కిటికీ వెలుతురులో, అదే చాప మీద పాపని పడుకోబెట్టి, పక్కన తన అరచెయ్యి ఆనించి, నన్ను తియ్యమనేవారు. చెయ్యి ఎందుకో నాకర్థం కాలేదు. పిల్లకి ధైర్యంగా ఉంటుందని అనుకున్నాను.

ముసురు పట్టిన రోజుల్లో పాపకి జలుబు చేసి జ్వరమొచ్చింది. జ్వరం తగ్గింది గాని పిల్ల వాడిపోయింది. ఒక మధ్యాహ్నం అత్తగారు దానికి నూనె రాస్తూ రాస్తూ ఆగిపోయి, "ఏటోనే, గుంట ఎక్కడేసిన గొంగళిలాగ అలాగే ఉన్నాది. ఎదగనేదు" అన్నారు. అన్నాళ్లుగా నేను అనలేకపోయిన మాట ఆవిడ నోట వచ్చేసరికి ఆరేస్తున్న పాప గుడ్డలు వదిలేసి వచ్చి దాని పక్కన కూర్చున్నాను. అప్పుడే గొడుగు మడుస్తూ లోపలికొచ్చిన మేడమ్ తిన్నగా వెళ్లి చోళ్ల డబ్బాలో చెయ్యి పెట్టి కెమెరా తీశారు. గింజలు దులిపి, నా చేతిలో పెట్టి, "వెనక్కి నొక్కుకుంటూ పో" అన్నారు.

నొక్కాను. కిందటి సంత. అంతకు ముందుది. ఇంకా వెనక్కి. ప్రతి ఫొటోలోనూ ఆవిడ చెయ్యి అదే చెయ్యి, అంతే ఉంది. దాని పక్కన మా పాప నొక్కిన కొద్దీ చిన్నదైపోతోంది. మొట్టమొదటి ఫొటో దగ్గర దాని కాలు మొత్తం ఆ అరచేతి పొడవు కూడా లేదు. తలెత్తి చాప మీదున్న పిల్లని చూశాను. తొడల మీద మడత! ఎప్పుడు వచ్చిందో నేను చూడనే లేదు. నవ్వు, ఏడుపు కలిసి వచ్చేశాయి.

"నువ్వు రోజూ నిన్నటితో పోల్చి చూస్తున్నావు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం తేడా కనపడతాది?" అన్నారు మేడమ్. అత్తగారు నూనె చేతులు కొంగుకి తుడుచుకుని కెమెరా లాక్కున్నారు. ఎలా నొక్కాలో అడిగి, సాయంత్రం దాకా ముందుకీ వెనక్కీ నొక్కుతూనే ఉన్నారు. సింహాచలంలో పుట్టువెంట్రుకలు ఇచ్చి కొండ దిగుతూ, "ఇవన్నీ బేగి కాయితమ్మీదకి ఎక్కించండర్రా, ఎక్కడైనా చెరిగిపోతే?" అని తొందరపెట్టింది కూడా ఆవిడే.

సుభద్ర మేడమ్ పోయి కొన్నేళ్లయింది. చివరిదాకా తన తోటలో తిరుగుతూనే ఉన్నారు. పాపని నిజంగా కాపాడింది పాలు, మందులు, వేడినీళ్లు. మేడమ్ కాపాడింది నన్ను. భయం నన్నింకా వదల్లేదు, కాని ఇప్పుడది వచ్చినప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలుసు.

ఇప్పుడు నేనూ ఒక ఆశ్రమ పాఠశాలకి హెడ్మిస్ట్రెస్‌ని. బడిలో చేరిన రోజు ప్రతి పిల్లనీ పక్కన నిలబెట్టుకుని ఫోనులో ఒక ఫొటో తీసుకుంటాను. ఈమధ్య పైగూడెం నుంచి ఒక తల్లి వచ్చింది. కూతుర్ని పైనుంచి కిందదాకా చూసి, బెంగగా, "ఇక్కడ తిండి పడనేదేమో టీచరమ్మా. మా గుంట చిక్కిపోనాది. ఇంటికి తీసుకుపోతాను" అంది. ఆ పిల్ల తలదించుకుని నా వెనక నిలబడింది. దానికి చదువంటే ప్రాణం. దాన్ని మూడో తరగతిలో చేర్చుకున్న రోజు తీసిన ఫొటో వెతికి ఫోను ఆమె చేతికిచ్చాను. అందులో ఆ పిల్ల తల నా మోచేతి దగ్గర ఉంది. "ఇలా రావే" అని పిల్లని పిలిచి నా పక్కన నిలబెట్టుకున్నాను. ఇప్పుడు దాని తల నా భుజం దాటింది. ఆ తల్లి ఫోను వంక ఒకసారి, పిల్ల వంక ఒకసారి చూసింది. మొహం విచ్చుకుంది. "ఓలమ్మా, నన్ను మించిపోయేలాగున్నాదే!" అంటూ కూతురి కోసం తెచ్చిన పళ్లసంచి నేలమీద దింపి, చంకలో పెట్టుకున్న గొడుగు గోడకి ఆనించి, తీరిగ్గా కూర్చుంది.