లేవని కాయ

మా మామ బుచ్చన్న అరచేతిలో కొబ్బరికాయ ఎన్నడూ లేవలేదు. బోరు పాయింట్ చూసేవాళ్లు కాయను అరచేతిలో పడుకోబెట్టి చేనంతా తిరుగుతారు, కింద నీళ్లుంటే అది లేచి నిలబడుతుందంటారు. వనపర్తి చుట్టుపక్కల అందరికీ లేస్తుంది. మామకు మాత్రం లేవదు. శ్రీరంగాపూర్ చెరువు కింద మడిలో మోకాలి లోతు దిగబడి కూడా "నీళ్లు లెవ్వు" అన్నాడు. ఆయన చెప్పు ఒకటి ఇంకా ఆ బురదలోనే ఉంది.

పైసలు తీసుకోడు, చూసిన కాయ ఇంటికి తెచ్చుకుంటాడు. మా అత్త లలితమ్మ పచ్చళ్లు నూరీ నూరీ విసిగిపోయింది. "ఒక్కసారన్న నీళ్లు సూపియ్యి, కాయ ఆడనే కొట్టుకుంటరు" అని మొత్తుకునేది.

ఇలాంటివాడిని ఎవరు పిలుస్తారంటారా? ఇంటి ఆడవాళ్లు పిలుస్తారు. ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఆయన్ని ఊళ్లు తిప్పే బండి నాది, పెట్రోలు నాది, అయినా అర్థం కాలేదు.

మొన్న వేసవిలో ఖిల్లా ఘణపూర్ దగ్గర నుంచి గీత పిలిచింది. ఆమె మొగుడు సాయన్న బోర్లన్నీ ఎండిపోయాయి. పాడి బర్రెలు అమ్మి ఇంకోటి వేస్తానని మొండికేశాడు.

"గద్వాల దిక్కు మా బామ్మర్ది రెండు పంటలూ వరే ఏస్తుండు. నేనేం పాపం జేసిన?" అన్నాడు సాయన్న, మేం పోగానే.

"ఆయినకు కాలువల కృష్ణమ్మ వస్తది. నీ గుట్ట మీదికి ఎవరొస్తరు, నేనా?" అన్నాడు మామ.

కాయ పట్టుకుని నడిచాడు. పక్కచేను హన్మమ్మది. ఆ గట్టు దగ్గరికి రాగానే కాయ కదిలింది. నా కళ్లారా చూశాను, లేవబోయింది. మామ బొటనవేలితో దాన్ని అదిమేశాడు.

"లెవ్వు. జొన్నలేస్కో, కందులేస్కో."

దారిలో బండి ఆపాను. "మామా, కాయ లేస్తుండె గద?"

"లేసింది."

"అంటే నీళ్లున్నట్టే గద?"

"ఉన్నయ్. అవి హన్మమ్మ బోరుల నీళ్లు. ఈడ పొక్క కొడితే ఆమె బత్తాయి తోట ఎండుతది. ఏడాది తిరక్కముందే ఇద్దరూ ఎండుతరు."

"అయితే అన్ని ఊర్లల్ల గిట్లనే అదుముతున్నవా?"

"కాలువ కిందోళ్లు నన్ను పిలువరు. పిలిచేటోళ్లంత గుట్టల మీదోళ్లే. ఏం జెయ్యాలె?"

"మరి శ్రీరంగాపూర్ల?"

మామ తన కాళ్ల వైపు చూసుకున్నాడు. "గాడ అలవాటుల వొచ్చింది."

ఆ మనిషి మీద నాకు పట్టలేనంత ప్రేమ వచ్చింది. పెట్రోలు మాట మళ్లీ ఎత్తలేదు.

జొన్న కోతలప్పుడు అటు పోతుంటే గీత మమ్మల్ని ఆపి, చెంబు నిండా చల్ల తెచ్చింది. బర్రెలు కొట్టంలో నెమరేస్తున్నాయి. సాయన్నకు మాత్రం కోపం చల్లారలేదు.

"నీళ్లు సూపనోనికి సల్లెందుకే?" అని అరిచాడు.

గీత వినిపించుకోలేదు, మామకు ఇంకో చెంబు పోసింది.